మా బావ గిటారుకి నట్టు కుదిరింది

మా బావ బీమా కంపెనీలో క్లెయిముల ఆఫీసరు. ఎవరి కారు ఎవరి కారుని గుద్దినా తప్పెవరిదో తేల్చడం ఆయన ఉద్యోగం. ఆ తప్పు తనది మాత్రం కాదని తేల్చుకోవడం ఆయన స్వభావం. మొదటి దానివల్ల ఆఫీసులో ఆయనకి మంచి పేరొచ్చింది. రెండో దానివల్ల మా అక్కకి తలనొప్పి వచ్చింది.

ఆయన గిటారు వాయిస్తాడు. అంటే, వాయిస్తానని ఆయనంటాడు. ఆఫీసువాళ్లు సరదాగా పెట్టుకున్న బ్యాండులో ఆయనది గిటారు. డ్రమ్ములకి మనిషి దొరక్క, బావమరిదినన్న పాపానికి నన్ను లాక్కెళ్లి కూర్చోబెట్టాడు. కీబోర్డు ఆఫీసులోని ఇంకో కుర్రాడిది, పాడేది అకౌంట్స్ మేడమ్. ఆవిడ నిజంగానే బాగా పాడుతుంది. పక్కనున్నవాళ్ల సంగతి బయటపడేది అందుకే.

బావ ఎలక్ట్రిక్ గిటారుకి కింద, తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర ఒక కడ్డీ ఉంటుంది. ట్రెమొలో అంటారు. నొక్కితే తీగలన్నీ ఒక్కసారి వదులై స్వరం కిందికి జారుతుంది, వదిలితే పైకొస్తుంది. పాటకోసారి వాడితే ముచ్చటగా ఉంటుంది. బావ లైనుకోసారి వాడతాడు. అక్క దాన్ని గేరు రాడ్డంటుంది. "మీ బావ బండి తీశాడ్రా, ఇంకా ఎక్కడికీ చేరలేదు" అని ఫోన్లో చెప్పి నవ్వేది.

నొక్కిన ప్రతిసారీ గిటారు శ్రుతి తప్పేది. నిందితులకేం కొదవ? ముందు తీగలన్నాడు, మార్చాడు. తర్వాత తీగలు బిగించే బిరడాలన్నాడు, అవీ మార్చాడు. ఆపైన ఫ్యాను గాలి, వంటింట్లో కుక్కరు ఆవిరి, చివరికి నా డ్రమ్ముల అదురు. "నువ్వు మెల్లగా కొట్టరా, నా తీగలు బెదురుతున్నాయి" అన్నాడు ఒకసారి. నేను అసలు కొట్టడం మొదలుపెట్టనే లేదు.

ఒకరోజు నేను పనిలో ఉండగా ఫోను చేశాడు.

"దొరికిందిరా! అంతా నట్టు వల్లే!"

"నీ నట్టా బావా?"

"గిటారుదిరా!"

స్పీకరు మీద పెట్టినట్టున్నాడు, వెనకనుంచి అక్క గొంతు వినిపించింది. "రెండూ ఒకేసారి చూపించమనరా, ఓ పనైపోతుంది."

గిటారు మెడ పైచివర, బిరడాలకి కాస్త ముందు, తీగలు ఆనుకుని వెళ్లే చిన్న అడ్డపట్టీని నట్టంటారు. ఒక్కో తీగకీ అందులో ఒక్కో గాడి. కడ్డీ నొక్కినప్పుడు తీగ ఆ గాడిలో కొద్దిగా జరుగుతుంది, వదిలినప్పుడు మళ్లీ మొదటి చోటికే జారాలి. గాడి ఇరుగ్గా ఉంటే తీగ అక్కడే పట్టేస్తుంది, శ్రుతి తప్పుతుంది. బావ చెప్పింది నిజమే. కాకపోతే నిజం దొరికితే మనిషి కుదురుగా ఉండాలి కదా. ఈయన ఊరేగింపు మొదలుపెట్టాడు. లిఫ్టులో ఎదురైనవాడికల్లా ఎముక నట్టు గొప్పదా, ఇత్తడి నట్టు గొప్పదా అని పాఠం. నష్టపరిహారం కోసం వచ్చిన ఓ పెద్దాయన ఆ పాఠం మొత్తం విని, "బాబూ, మరి నా స్కూటరు?" అని అడిగాడట.

ముందు ఇత్తడిది వేయించాడు. చూడ్డానికి మెరిసింది, తీగలు మాత్రం ఎప్పటిలాగే పట్టేశాయి. తర్వాత ఎముకది. రిపేరు షాపువాడు సరిగ్గానే కోసిచ్చాడు. ఈయన ఇంటికొచ్చి "ఇంకాస్త, ఇంకాస్త" అంటూ ఆకురాయితో గాడులు లోతు చేశాడు. తీగలు కిందికి దిగి గిటారు మెడ మీది మెట్లకి తగిలి, సీసాలో ఈగ పడ్డట్టు జుయ్యిమన్నాయి. "ఎముకలో లోపం ఉంది" అని తీర్పిచ్చాడు.

మూడోది లాకింగు నట్టు. తీగల్ని గాడిలో వదలకుండా బిళ్లలతో నొక్కి, మరలు బిగించేస్తుంది. ఇక జారడమే ఉండదు. బిగించాక శ్రుతి సరిచేసుకోవడానికి బ్రిడ్జి దగ్గర వేరే చిన్న మరలుండాలి. బావ బ్రిడ్జికి అవి లేవు. ఆ సంగతి చదివాడు కూడానట, "మనకి అక్కర్లేదులే" అనుకున్నాడట.

ఆఫీసు వార్షికోత్సవం నాడు, స్టేజీ ఎక్కేముందు మరలు గట్టిగా బిగించాడు. ఆ బిగింపుకి తీగలన్నిటి శ్రుతీ కాస్త కాస్త పైకెక్కింది. సరిచేద్దామంటే మర తిప్పే పానా ఇంట్లో ఉండిపోయింది. మొదటి పాట ఎత్తుకోగానే హాల్లో వాళ్ల మొహాలు చింతపండు నమిలినట్టయ్యాయి. బావ కీబోర్డువాడి వైపు గుడ్లురిమి చూశాడు. "కీబోర్డు శ్రుతి తగ్గింది, పెంచు!" అన్నాడు. మేడమ్ పాట ఆపేసి, మైకు పక్కకి కూడా పెట్టకుండా, చాలా మర్యాదగా చెప్పింది.

"సార్, మీరు కాసేపు కూర్చోండి. మేం పాడేసుకుంటాం."

హాలంతా చప్పట్లు. ఆ సాయంత్రం అన్ని చప్పట్లు దేనికీ పడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు బావకి ఒకటే పని. ఆఫీసు నుంచి రావడం, టేబులు లైటు వేసుకుని కూర్చోవడం. ఈసారి నల్లటి గ్రాఫైటు రకం నట్టు తెచ్చాడు, దాంట్లో తీగలు నూనె రాసినట్టు జారతాయి. ఒక్కో తీగ మందానికి సరిపడా గాడి తీశాడు, బిరడాల వైపు వాలు పెట్టాడు, అంచులు నున్నగా రుద్దాడు. తొందరపడలేదు, ఎవరికీ పాఠం చెప్పలేదు. చూస్తే నాకే ఆశ్చర్యమేసింది.

ఆదివారం పొద్దున్న నన్ను పిలిపించాడు. కడ్డీ నేలకంటేలా నొక్కాడు, వదిలాడు. శ్రుతి చూసే మీటరు ముల్లు తిన్నగా మధ్యకొచ్చి నిలబడింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అక్కడికే. బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. "రికార్డు చెయ్యరా, సాక్ష్యం ఉండాలి" అని పాట మొత్తం వాయించాడు.

ఫోన్లో విన్నాం. శ్రుతి అద్దంలా ఉంది. ఆ అద్దంలో అంతా కనిపించింది. వేళ్లు ఆలస్యంగా పడటం, పడాల్సిన చోట పడకపోవడం, తాళం ఓ దారిన, ఈయన ఓ దారిన. ఇన్నాళ్లూ శ్రుతి తప్పుల చాటున ఇవన్నీ హాయిగా దాక్కున్నాయి. బావ ఫ్యాను వైపు చూశాడు. తిరగడం లేదు. వంటింటి వైపు చూశాడు. పొయ్యి వెలగలేదు. నా వైపు చూశాడు. నా చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు.

"ఏమండీ," అంది అక్క, "అన్నీ మార్చేశారు. ఇంక మీరొక్కరే మిగిలారు."

 బావ గిటారు పెట్టెలో పెట్టేశాడు.

తర్వాత కీబోర్డువాడి తమ్ముడు తన గిటారు తెచ్చాడు, అదే జబ్బుతో. బావ నట్టు మార్చిచ్చాడు. అది కుదిరింది. ఇంకొకరొచ్చారు. ఇప్పుడు వాళ్లింటి వరండాలో ఎప్పుడూ రెండు మూడు గిటార్లు గోడకానుకుని ఉంటాయి. పని మాత్రం శుభ్రంగా చేస్తాడు, కాదనను. పొగరు తగ్గిందా అంటే, అది ఇంటి పేరులాంటిది, పోదు. "వాయించడానికేముంది, ఎవడైనా వాయిస్తాడు" అంటుంటాడు.

బ్యాండులో ఆయన చోటికి రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి వచ్చింది. ఆమె గిటారు నట్టు బావ చేసిందే. మొన్న ప్రోగ్రాములో ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి కడ్డీ నొక్కి వదిలింది. శ్రుతి తిన్నగా మొదటి చోటికే వచ్చి నిలబడింది. మేడమ్ పాట మంచి పట్టులో ఉంది, హాలంతా నిశ్శబ్దంగా వింటోంది. పాట మధ్యలో బావ ఒక్కడే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.