గవదలు, ఖాలా గొలుసు, మా లత కుడి చెవి

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం, గవదబిళ్లలు తగ్గిన కొద్దిరోజులకే మా చెల్లె లతకు కుడి చెవి వినపడకుండా పోయింది. ఇప్పటికీ వినపడదు.

సిద్దిపేటలో మా గల్లీలో గవదలంటే ఎవరూ భయపడేవారు కాదు. చెంపలు వాచిన పిల్లలను "బూరెబుగ్గలు" అని ఎగతాళి చేసేవాళ్లం. పసుపు, గంధం పట్టించి మెడలో బంగారు గొలుసు వేస్తే వాపు దిగుతుందని పెద్దల నమ్మకం. ఆ గొలుసు గాజుల దుకాణం రజియాది, గల్లీ పిల్లలందరికీ ఆమె ఖాలా, అంటే పిన్ని... ఎవరింట్లో పిల్లలకు చెంప వాచినా తనే తెచ్చి వేసేది. మంచి మనిషి.

ఆ ఏడు గొలుసు పక్కింటి యాదగిరి మెడలో ఉంది. లతకు అప్పటికి ఏమీ లేదు. అయినా అవ్వ, అంటే మా అమ్మ, లతను వాళ్లింటికి తీసుకుపోయింది... గవదలు రాకముందే ఒకసారి గొలుసు వేస్తే అసలే రావని.

"అవ్వా, వాని మూతి చూడు, కోతి లెక్క ఉంది" అని లత ఒకటే నవ్వు.

"నవ్వకే, వాడు ఏడ్వవట్టె."

గొలుసు యాదగిరి మెడలోంచి తీసి లతకు వేశారు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే కంచంలో అటుకులు పెట్టారు. ఒకే గ్లాసుతో నీళ్లు...

రెండు మూడు వారాలకు లత చెంపలు వాచాయి. జ్వరం, నమిలితే నొప్పి, చింతపండు చారు నోట్లో పడితే ఏడుపు. అన్నీ తగ్గాయి.

తర్వాత ఒకరోజు దాని కుడి చెవిలో గుసగుసగా ఏదో చెప్పాను. "ఊకె గాలి ఊదుతున్నవ్ అన్నా... ఏం చెప్తలేవు" అంది.

దవాఖానలో చేయగలిగింది లేదన్నారు. ఇట్లా జరగడం అరుదు అని కూడా అన్నారు.

ఈ జబ్బు ఉమ్మితో, దగ్గుతో, ఎంగిలి గ్లాసుతో అంటుకుంటుందని, చెంప వాచకముందే అంటుకోవడం మొదలవుతుందని, వాచాక ఐదు రోజులు పిల్లలను ఇంట్లోనే ఉంచాలని... విలేకరినయ్యాక ఎన్నిసార్లు రాశానో. సర్కారు ఉచితంగా వేసే టీకాల్లో గవదలది లేదని, పిల్లల డాక్టర్‌ను అడిగి గవదలకూ పనిచేసే ఎంఎంఆర్ టీకా వేయించాలని కూడా రాశాను. మళ్లీ మళ్లీ అదే వార్త. ఊరి పేరు మారుతుంది, అంతే.

నిన్న లత పక్కింటి సుజాత కొడుకు చింటుకు చెవి కింద వాచింది. గురువారం చిన్నకోడూరులో సుజాత తమ్ముని పెళ్లి. తోడు పెళ్లికొడుకు చింటునే. ఈ మాటలు జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"పెండ్లికి వాన్ని తీస్కపోకు సుజాతా" అంది లత.

"గట్లంటే ఎట్లక్కా? మఫ్లర్ కడ్త. ఎవలకు కనవడది."

"కనవడకుంటే అంటదా? ఆడ ఎంతమంది పిల్లలుంటరు!"

"ఐతె నా తమ్ముని పెండ్లికి నేను ఇంట్ల కూసోవాల్నా?"

లత ఎడమ చెవి అటు తిప్పి, ఆ మాట మళ్లీ చెప్పించుకుంది.

"నువ్వు పో. వాడు నా కాడ ఉంటడు. నాకు వచ్చిపోయింది, మల్ల రాదు."

ఆ చెవి సంగతి సుజాతకు తెలుసు. "వాడు నీ ఫోను ఖరాబు చేస్తడక్కా" అంది.

"చెయ్యనీయ్."

అప్పుడు మనకు తెలియదు... ఇప్పుడు తెలిసి కూడా మఫ్లర్ కడుతున్నాం. మీ గల్లీలో గవదలొస్తే ఏం చేసేవారో రాయండి. వాటివల్ల మీ ఇంట్లో ఎవరికైనా వినికిడిలాంటిది ఏదైనా పోయి ఉంటే, అదీ రాయండి.

తోడు పెళ్లికొడుకుగా ఇంకో పిల్లవాడిని చూస్తున్నారు. గురువారం పొద్దున సుజాత వాళ్లు చిన్నకోడూరు బస్సెక్కుతారు. చింటు లత ఇంట్లో ఉంటాడు.