రూతమ్మ సమాధి

విజయమ్మ ఇంటికి క్రిస్మస్ చుట్టాలు ఎప్పుడూ ఇరవైమూడో తేదీనే దిగుతారు. గుంతకల్లులో రైలెక్కి ముద్దనూరులో దిగి, అక్కడి నుంచి బస్సులో జమ్మలమడుగు చేరి, ఆటో మాట్లాడుకొని పునరావాస కాలనీకి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. ఆ వేళకు ఆమె సంగటి కెలికి, నాటుకోడి పులుసు దించి, వాకిట్లో నిలబడి ఉంటుంది. చుట్టాలంటే దూరపోళ్లేం కాదు. తోడబుట్టిన తమ్ముడు శుభాకర్, అతని భార్య కుసుమ, ఇంజనీరింగు చదివే కొడుకు జోయల్, ఇంటర్లో ఉన్న కూతురు కీర్తన. ఆ నలుగురూ వస్తేనే ఆమెకు పండగ.

ఆమెకు అరవై దాటాయి. ముప్పై ఏండ్లు అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసింది. భర్త పెండ్లయిన నాలుగో ఏడే జ్వరంతో పోయాడు, పిల్లల్లేరు. తండ్రి వాళ్ల చిన్నతనంలో బొంబాయికి కూలికి పోయి తిరిగి రాలేదు. తల్లి రూతమ్మ చెనిక్కాయ చేలల్లో కలుపు తీసి, ఇద్దర్నీ సాకింది. తల్లి చేలో ఉంటే తమ్ముణ్ణి చంకనేసుకొని తిరిగింది విజయమ్మే. వాడు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి గుంతకల్లుకు పోయినాక, ఆఖరి పదేండ్లు తల్లిని చూసుకున్నదీ ఆమే. రూతమ్మను సొంతూరు పెదవంకపల్లెలో, వంక గట్టునున్న క్రైస్తవుల సమాధుల్లో పూడ్చారు. ఇప్పుడా ఊరు లేదు. కరోనా ఏడు రిజర్వాయరు నీళ్లు పైకొచ్చి ఊరంతా మునిగింది. ఇండ్లు పోయినోళ్లకు ప్రభుత్వం ఈ కాలనీలో స్థలాలిచ్చింది. కాలనీ చివర రాళ్లదిబ్బ పక్కన సమాధులకు కొంత జాగా ఇచ్చారు. అందులో మొదటి రాయి రూతమ్మదే.

ఆ ఏడు కూడా పండగ మామూలుగానే మొదలైంది. జోయల్ నిచ్చెనెక్కి వాకిట్లో నక్షత్రం కట్టాడు. కీర్తన చిల్లచెట్టు కొమ్మకు దూది అతికించి క్రిస్మస్ చెట్టు చేసింది. కుసుమ, విజయమ్మ కూర్చొని కజ్జికాయలు ఒత్తారు. క్రిస్మస్ పొద్దున ఆరాధన ముగిశాక, ఏటా లాగే కొత్తబట్టల్లోనే అందరూ సమాధుల దగ్గరికి నడిచారు. పిల్లలు రాయి మీద బంతిపూలు పెట్టారు. శుభాకర్ ప్రార్థన చేశాడు. చేసి, కండ్లు తుడుచుకొని, అక్కవైపు తిరిగి నవ్వాడు.

"అక్కా, నీకు చెప్పకుండా ఒక పని చేసినా. ఇరవయ్యేడో తేదీ మేస్త్రీ షాహుల్ వస్తాడు. అమ్మకు మంచి సమాధి కట్టిద్దాం. లోపల సిమెంటు గూడు, పైన గ్రానైటు. ఊరు మునిగే ముందు నువ్వు అమ్మ ఎముకలు తెచ్చి పూడ్చిన ఈ పెట్టెను పైకి తీసి గూట్లో పెట్టిద్దాం. వచ్చే ఏడు నేను రిటైరైతా. అంతకు ముందే ఈ పని చేసేయాల అనుకున్నా."

విజయమ్మ రాయికి చెయ్యానించి నిలబడింది.

"ఏందక్కా, ఇష్టంల్యాదా?"

"ఇష్టమే నాయనా," అంది. "ఎండకు తల తిరిగినట్లయింది." డిసెంబరు ఎండకు ఎవరికీ తల తిరగదు. కానీ ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మరుసటి రోజు కుసుమ పిల్లల్ని తీసుకొని ప్రొద్దుటూరుకు బట్టలకు పోయింది. ఇంట్లో అక్కాతమ్ముడు ఇద్దరే మిగిలారు. శుభాకర్ మంచం మీద కూర్చొని పేపరు చదువుతున్నాడు. విజయమ్మ అతని ముందు నేల మీద కూర్చుంది. బియ్యం చేటలో పోసుకుంది గానీ ఏరలేదు.

"శుభాకరా, ఆ పెట్టె తవ్వించొద్దు."

"యాలక్కా?"

"దాంట్లో అమ్మ ల్యాదు."

అతను పేపరు మడిచాడు. ఆమె తల వంచుకొని చెప్పసాగింది. చెబితే మధ్యలో ఆగకూడదని ఐదేండ్లుగా అనుకుంటూ ఉన్నదే, అయినా మాటలు వరసగా రాలేదు.

నీళ్లు వదులుతారని చాటింపు వేసింది ఒక సాయంత్రం. ఊళ్లో వాళ్లంతా తలుపులూ కిటికీలూ పీక్కొని ట్రాక్టర్లకు ఎక్కిస్తున్నారు. అమ్మను వదిలి రాలేనని విజయమ్మ తెల్లారి సమాధుల దగ్గరికి పోయింది. పిలిస్తే తోడొచ్చింది ఒక్క వీరన్నే. గొర్రెల వీరన్న, వాళ్ల ఇంటి ఎనక ఇంటి మనిషి. తన గొర్రెల్ని గుట్టకు తోలి, గడ్డపార తీసుకొని వచ్చాడు. మోకాటి లోతు తవ్వేసరికి అడుగున నీళ్లు ఊరాయి. ఎత్తిపోస్తే మళ్లీ ఊరాయి. పక్కల మట్టి కరిగి గుంతలోకే జారింది. వీరన్న తవ్వుతుంటే ఆమె చేతుల్తో బురద తోడింది. పెట్టె తగల్లేదు, చెక్క ముక్క కూడా తగల్లేదు. మధ్యాహ్నానికి వంకపక్క నుంచి నీళ్లు పారుకుంటా వచ్చి పాదాలు తడిశాయి. ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆమె గుంతలోనే కూర్చుంటే, "లెయ్యమ్మా, ఇంక దారి గూడా ఉండదు" అని వీరన్న రెక్క పట్టి పైకి లాగాడు.

"ఎముకలు చుట్టుకొచ్చేదానికి ఇంటినుంచి అమ్మ చీర ఒకటి తీసకపోయింటి. ఆ గుంతలో మట్టి తీసి చీరలో మూట గట్టినా. దాన్నే రేకుపెట్టెలో పెట్టి ఈడ పూడ్చినాము. ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చేస్తివి. 'అమ్మ వచ్చిందా?' అని ఏడుస్తాంటివి. నాకు ల్యాదని చెప్పేదానికి నోరు రాలా. 'వచ్చింది నాయనా' అంటి."

శుభాకర్ మడిచిన పేపరు మంచం మీద పెట్టాడు. తర్వాత లేచాడు.

"ఐదేండ్లు. నా పిల్లల్ని తీసకొచ్చి మొక్కించినా గదక్కా. ఈడ పూడ్చినప్పుడు అయ్యగారు వచ్చి ప్రార్థన చేసె. ఆయనకు గూడా చెప్పల్యా?"

"ల్యా."

"అందుకేనా బల్లారాధనప్పుడు పసిపిల్లోళ్లను పట్టుకొని బయట కూచ్చుంటాండావు?"

అతను అది గమనించాడని ఆమెకు తెలియదు. ప్రభువు రొట్టె తినడానికి తనకు అర్హత లేదనుకొని, ఆ ఏటి నుంచి ఆమె బల్ల దగ్గరికి పోలేదు. గుళ్లో తల్లులందరూ విజయమ్మది మంచి మనసు, మన పిల్లల్ని పట్టుకుంటుందని అనుకునేవాళ్లు.

"అవు," అంది.

అతను చెప్పులేసుకొని బయటికి పోయాడు. సాయంత్రం అందరూ తిరిగొచ్చాక వచ్చాడు. ఆకలి లేదని పడుకున్నాడు. కుసుమ ఆడబిడ్డ మొహం వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, అడగలేదు. కీర్తన తెచ్చిన కొత్త చీర విజయమ్మ ఒళ్లో పెట్టి, "రంగు బాగుందా అత్తా?" అంటే, బాగుందని చెప్పి దాన్ని అట్లే పట్టుకొని కూర్చుంది.

ఇరవయ్యేడు పొద్దున మేస్త్రీ షాహుల్ తన ట్రాలీ ఆటోలో ఇసకా, ఇటుకా వేసుకొని వచ్చాడు. అతనిదీ మునిగిన ఊరే, పెదవంకపల్లెకు పక్కది. శుభాకర్ ఎదురెళ్లి, "షాహుల్, ఈ పొద్దు పని ల్యాదప్పా. ఇసక ఈడ పోసి, మమ్మల్ని నీళ్లకాడికి తీసకపోతావా?" అన్నాడు. ఆ తర్వాత, నిన్న మధ్యాహ్నం నుంచి మొదటిసారి, అక్కతో మాట్లాడాడు.

"పా అక్కా. యాడో చూపించు."

నీళ్లగట్టుకు చేరేసరికి తొమ్మిదయింది. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. నీళ్ల మధ్య ఎండిన చిల్లచెట్ల మోళ్లు, వాటి మీద నల్లటి నీటికాకులు. దూరంగా మూడు కరెంటు స్తంభాల తలలు తేలి ఉన్నాయి.

"ఆ మూడు స్తంభాలు కనపడ్తాండాయే, వాటికి ఎడమపక్క," అని విజయమ్మ చెయ్యి చాపింది. "నడిమి స్తంభం కాడ మన గుడి. గుడి నుంచి వంక దిక్కు పోతే అమ్మ."

శుభాకర్ అటే చూస్తూ గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. అమ్మను ఏ మూలన పెట్టారో, తల ఏ దిక్కుకు పెట్టారో ఒక్కొక్కటే అడిగాడు. ఆమె చెప్పింది. చివరికి, నీళ్ల వైపు నుంచి చూపు తిప్పకుండానే అతను అన్నాడు:

"అమ్మను తీసేదానికి రమ్మంటే నాకు సెలవు దొరకలేదని చెప్తి గదా అక్కా నీకు, ఆ పొద్దు?"

"చెప్తివి. కరోనా డ్యూటీలంటివి."

"సెలవిచ్చినారు. బండేసుకొని ముద్దనూరు దంకా వచ్చినా. ఆడ టీకొట్టు కాడ కూచ్చున్యా. అమ్మను ఎముకలుగా చూడాల్నే అనుకుంటే కాళ్లు లెయ్యలా. రెండు గంటలు కూచ్చోని, ఎనక్కి తిరుక్కొని పోయినా. ఆ సాయంత్రం నీకు ఫోన్ చేసి ఏడ్చింది అందుకే. కుసుమకు గూడా చెప్పలా."

అది విని విజయమ్మ మనసు తేలికపడాలి. తమ్ముడు కూడా తనలాగే దాచుకున్నాడు, ఇక లెక్క సరిపోయింది అనుకోవాలి. అట్లా జరగలేదు. ఆమెకు కోపం వచ్చింది. బురద తోడీ తోడీ గోళ్లు ఊడిన రోజది. ముద్దనూరు నుంచి పెదవంకపల్లె ఎంత దూరం? అర గంట, ముప్పావు గంట. ఇంకో మగమనిషి చెయ్యి తోడుంటే, ఇంకో పార ఉంటే, నీళ్లు రాకముందే అంత లోతూ తవ్వేవాళ్లమేమో.

"నువ్వు వచ్చింటే తీసింటిమి," అంది. గొంతు పెద్దదయింది. "వీరన్న ఒక్కడే తవ్వినాడు శుభాకరా. ముసిలోడు. నువ్వు టీకొట్టు కాడ కూచ్చుంటివి!"

ఆమె జన్మలో తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అతను తల వంచుకున్నాడు. ఆమె గిరుక్కున తిరిగి ఆటో దగ్గరికి నడిచింది.

షాహుల్ ఆటోకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. నీళ్ల సీసా ఆమె చేతికిచ్చాడు. వాళ్ల మాటలు అతనికి వినపడే ఉంటాయి.

"మా నాయన గూడా ఆ నీళ్ల కిందనే ఉండాడమ్మా," అన్నాడు. "మేము తవ్వేదానికి పోలా. పూడ్చినాక కదపగూడదని మా పెద్దోళ్లు అనిరి. పండగ పొద్దు మా అన్నదమ్ములం ఈడికే వస్తాం. నీళ్లదిక్కు తిరిగి దువా చేసుకొని పోతాం. యాడుండాడో తెలుసు గదా, అది సాలు."

విజయమ్మ నీళ్లు తాగింది. తాగుతుంటేనే ఏడుపొచ్చింది. షాహుల్ ఇసక దులిపే నెపంతో ట్రాలీ వెనక్కు పోయాడు. కొంతసేపటికి శుభాకర్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. మన్నించమని ఒకరినొకరు అడగలేదు. "చలిగా ఉండాది, ఎక్కు అక్కా," అన్నాడు. ఆమె ఎక్కింది.

ఇంటికి పోయాక అతనే అందర్నీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు, తన ముద్దనూరు సంగతితో సహా. అక్క చెప్పాల్సింది కూడా తానే చెప్పాడు. కుసుమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జోయల్ మొహం ఎర్రబడింది. "అంటే ఇన్నాళ్లూ మేము ఉత్త మట్టికి ప్రార్థన చేసినామా? ఇద్దరూ పెద్దోళ్లే గదా, ఒక్కరన్నా నిజం చెప్పకూడదా?" అని లేచి బయటికి పోయాడు. అతన్ని ఎవరూ వెనక్కు పిలవలేదు. అడిగే హక్కు అతనికుంది.

కీర్తన మాత్రం అత్త పక్కన జరిగి కూర్చుంది.

"ఏ చీర అత్తా?"

"ఏంది?"

"జేజి చీర అన్నాడు గదా నాయన. ఏ చీరలో కట్టినావు?"

"పచ్చంచు నేతచీర. ప్రతి క్రిస్మస్‌కూ కట్టేది. ఎర్రగీతలుంటాయి."

"నేను పసిపిల్లప్పుడు ఫోటోలో జేజి కట్టుకున్న చీరనా?"

"అదే."

"అయితే ఆ రాయి కింద ఉత్త మట్టి కాదు గదా," అంది ఆ పిల్ల.

ఆదివారం ఆరాధనయ్యాక విజయమ్మ ఒంటరిగా పోయి పాస్టరుగారికి చెప్పుకుంది. ఆయన చిన్నవాడు, కాలనీకి వచ్చి రెండేండ్లే అయింది. ఆయన విని, ఆమె చేతులు పట్టుకొని ప్రార్థన చేశాడు. జనవరి ఒకటిన బల్ల ఉంది, ముందుకు రమ్మన్నాడు. "వస్తానయ్యా" అనలేకపోయింది. "తమ్ముని మీద కోపం ఇంకా ఉండాదయ్యా, అది పోనీ" అంది. ఆయన బలవంతం చేయలేదు.

సోమవారం అందరూ నీళ్లగట్టుకు పోయారు. జోయల్ రానన్నాడు. తీరా ఆటో కదిలే వేళకు వచ్చి వెనక ఎక్కాడు. గట్టు మీద కుసుమ బైబిలు తెరిచి ఒక కీర్తన చదివింది. గాలికి పేజీలు లేస్తుంటే జోయల్ వంగి వేలితో నొక్కి పట్టుకున్నాడు. శుభాకర్ ఈసారి ప్రార్థన చేయలేదు. నువ్వు చెయ్యమని అక్కకు సైగ చేశాడు. ఆమె గట్టిగా ఏమీ పలకలేదు. కండ్లు మూసుకొని నిలబడింది, వాళ్లు కూడా నిలబడ్డారు. గ్రానైటు సమాధి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ ఇసకా ఇటుకలతో షాహుల్ పాత రాయి చుట్టూ జానెడెత్తు గట్టు కట్టి పోయాడు.

ముప్పయ్యో తేదీ వాళ్లు బయల్దేరారు. జమ్మలమడుగు బస్టాండులో సంచులు ఎక్కించాక, శుభాకర్ కిందికి దిగి అక్క ముందు నిలబడ్డాడు. ఏటా అతనే కజ్జికాయల డబ్బా అడిగి మరీ తీసుకుంటాడు. ఈసారి ఆమే చేతిలో పెట్టింది.

"ఎండాకాలం నువ్వే రా అక్కా, గుంతకల్లుకు. ప్రతిసారీ మేమే వస్తాండాము."

"చూస్తాలే," అంది విజయమ్మ.

మే నెల మొదటి వారంలో ఆమె పోయింది. ముద్దనూరులో రైలు కోసం కూర్చున్నప్పుడు, స్టేషను ఎదురుగా ఉన్న టీకొట్లు చూసింది. వాటిలో ఏదో ఆమెకు తెలియదు. తమ్ముణ్ణి అడగనూ లేదు. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద శుభాకర్ రైలు ఆగకముందే బోగీల వెంట నడుస్తూ కిటికీలన్నీ వెతుకుతున్నాడు. ఆమె లోపలి నుంచి చెయ్యి ఊపి, "ఈడుండా నాయనా," అని పిలిచింది.