పైన నేను, కింద టార్పాలిన్‌తో మామ

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదనుకునేవాణ్ణి. నాకు తెలియనిది భయమొక్కటే కాదనీ, మిగతావి కూడా తెలియవనీ తర్వాత తెలిసింది. వయసు అలాంటిది. ఇప్పుడు బల్బు మార్చడానికి స్టూలెక్కాలన్నా ఇంట్లో ఎవరినైనా పిలిచి స్టూలు పట్టుకోమంటాను. అప్పుడు మాత్రం ఎగురుతున్న విమానం తలుపు దగ్గర కూర్చుని కాళ్ళు బయటికి వేలాడేశాను. ఆ మనిషి ఈ మనిషెలా అయ్యాడని మా ఆవిడ అడుగుతుంటుంది. మధ్యలో మా మామ ఉన్నాడు, అంతే.

బడి నన్నూ, నేను బడినీ ఎక్కువ కాలం భరించలేకపోయాం. ఒకరికొకరం దండం పెట్టుకుని మర్యాదగా విడిపోయాం. ఆ తర్వాత మా అమ్మ తమ్ముడి లారీ మీద క్లీనర్‌గా ఎక్కాను. కొత్తకోట హైవే పక్కన ధాబా ముందు లారీని వెనక్కి పెట్టించేటప్పుడు "రానీ, రానీ, రానీ..." అని నేను కేకేస్తే బెంగుళూరు దాకా వినపడుతుందని మామ అనేవాడు. (మెచ్చుకోలు కాదు. లారీ వెనక గోడకు గుద్దుకున్నాక అన్న మాట.) ఏమైతేనేం, స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నాను, లైసెన్సూ వచ్చింది. మామకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి కాబట్టి వచ్చే సీజన్ నుంచి లారీ నా చేతికే ఇస్తానన్నాడు. ఆ లారీయే నా ఉద్యోగం, నా పెళ్ళి, నా పరువు.

ఈలోగా ఖాళీగా ఉండడం ఎందుకని ఇంకో పనిలో దూరాను. బిజినేపల్లి అవతల ఎవరో వేసుకుని వాడకుండా వదిలేసిన చిన్న రన్‌వే మీద, విమానంలోంచి దూకడం నేర్పే క్యాంపు పెట్టారు. దూకినవాళ్ళు గాలికి కొట్టుకుపోయి ఏ పల్లి చేలోనో దిగితే, వెతికి ఎక్కించుకొచ్చే జీపు నాది. పట్నం పిల్లలు చెప్పులకంటిన మట్టి దులుపుకుంటూ "భలే ఉంది అన్నా!" అంటుంటే, వాళ్ళని ఏరుకొచ్చి ఏరుకొచ్చి నాకు చిర్రెత్తింది. ఒక రోజు ధాబాలో నలుగురి ముందు, "వీళ్ళు దునుకంగ లేంది నేను దునుకనా?" అన్నాను. నా రొట్టె చల్లారేలోపు ఆ మాట కోడేరులోని మా చిన్నమ్మ దాకా పోయింది. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఇంట్లో అమ్మ మొదలెట్టింది. "ఎడమ కాలు ఇరిగితే క్లచ్ ఎవడు తొక్కుతడురా? క్లచ్ తొక్కనోనికి లారీ ఎవడిస్తడు? లారీ లేనోనికి పిల్లనెవడిస్తడు?" కాలు విరగడం నుంచి నేను బ్రహ్మచారిగా మిగలడం దాకా అమ్మ ఒక్క గుక్కలో వచ్చేసింది. మామ మాత్రం బీడీ ఆర్పి ఒక్కటే మాటన్నాడు. "దునుకు అల్లుడా, వద్దన. గని కాలికేమన్న అయ్యిందో, నా లారీ దిక్కు సూడకు." దానితో నా బతుకంతా నా ఎడమ కాలి మీద ఆగింది.

మాకు నేర్పే ఆయన్ని అందరూ సుబేదార్ సాబ్ అనేవాళ్ళు. సైన్యంలో ప్యారాచూట్ మనిషి, కానీ ప్యారాచూట్‌ని ఛత్రి అనేవాడు. రిటైరై వనపర్తిలో ఉంటున్నాడు. నవ్వడం పెన్షన్‌లోంచి కోత పడుతుందేమోనన్నట్టు ఉండేవాడు. దూకడం నేర్పుతాడని వెళితే, దూకాక ఏమేం తప్పు జరగొచ్చో తప్ప ఇంకోటి నేర్పడే! మొదటి రోజే షెడ్డు దూలానికి పట్టీలతో నన్ను వేలాడదీసి అడిగాడు.

"ఛత్రి తెరుసుకోలే. ఏం జేస్తవ్?"

"మీకు ఫోన్ జేస్త సాబ్."

ఆ జవాబుకి రన్‌వే ఈ కొస నుంచి ఆ కొసకి పరుగెత్తించాడు. ఆయాసపడుతూ తిరిగొచ్చాక మళ్ళీ వేలాడదీశాడు. కుడి పక్కన ఎర్ర పిడి. అది గుంజితే పాడైన ఛత్రి ఊడిపోతుంది. ఎడమ పక్కన వెండి రంగు పిడి. అది గుంజితే వీపున మడిచిపెట్టిన రెండో ఛత్రి తెరుచుకుంటుంది. "అంటే స్టెప్నీ" అన్నాను. ఆయన ఒక క్షణం ఆలోచించి, "హా, స్టెప్నీయే. గని రోడ్డు పక్కకు ఆపి మార్సుకునేది కాదు. ఎర్రది ముందు, ఎండిది ఎనక. ఉల్టా జేస్తే రెండు ఛత్రీలు జడ అల్లుకుంటయ్" అన్నాడు. తాళ్ళు మెలిపడితే తొందరపడి ఎర్రది ముట్టుకోవద్దట. ముందు కాళ్ళతో సైకిల్ తొక్కినట్టు తన్నుకుంటూ మెలి విప్పుకోవాలట. విప్పుకుంటూ చేతికున్న ఎత్తు గడియారం చూస్తూనే ఉండాలట. "ఎత్తు మీ మామ కాదు, నువ్వు ఛాయ్ తాగొచ్చేదాంక ఆగనీకి" అనేవాడు. చివరికి దిగే జాగా సంగతి. "జాగ పైనుండంగనే ఎంచుకో. ఆడ మనుషులో తీగలో ఉన్నయంటే అప్పుడే ఇంకో జాగ చూస్కో. నేల దగ్గర పడ్డంక గిర్రున మలిపినవంటే ఛత్రి నిన్ను బట్టలు ఉతికినట్టు ఉతుకుతది."

ఒకసారి చెబితే సరే. రెండుసార్లు చెబితే సరే. ఈయన ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే అడిగేవాడు, గడ్డం గీసుకుంటుంటే అడిగేవాడు. కోడేరులో చిన్నమ్మ కూతురి పెళ్ళిలో బంతి మీద మటన్ కూర వడ్డిస్తుంటే ఫోన్ మోగింది. ఎత్తితే పలకరింపు కూడా లేదు. "తాళ్ళు మెలిపడ్డయ్!" గరిటె గిన్నెలోకి జారింది, నా కాళ్ళు వాటంతటవే తన్నుకోవడం మొదలెట్టాయి, చేతులు లేని తాళ్ళని పట్టి విడదీస్తున్నాయి. పెళ్ళికూతురి పెద్దనాన్న "అయ్యో, పిల్లగానికి మూర్ఛ!" అని అరిచాడు. ఎవరో పరుగున వచ్చి నా గుప్పిట్లో తాళంచెవుల గుత్తి పెట్టి బిగించారు. ఇంకెవరో మొహాన నీళ్ళు కొట్టారు. ఫోన్లో సాబ్ "శాబాష్" అని పెట్టేశాడు. ఆ పెళ్ళిలో నాకనుకున్న సంబంధం ఒకటి ఆ నీళ్ళతోనే పోయింది.

మామ కూడా ఒక రోజు క్యాంపుకొచ్చి పాఠమంతా విన్నాడు. చివర్న చెయ్యెత్తి అడిగాడు.

"సాబ్, స్టెప్నీ గూడ పంక్చరైతే?"

"గట్ల గాదు."

"అయితే?"

సాబ్ విసిగిపోయి ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. "గప్పుడు పైవాడే."

మామ తలూపి వెళ్ళిపోయాడు. పైవాడి ఏర్పాట్ల మీద ఆయనకి నమ్మకం కుదరలేదని నాకప్పుడు అర్థం కాలేదు.

దూకే రోజు రానే వచ్చింది. విమానం లోపల మా లారీ క్యాబిన్‌లో సగం కూడా లేదు. తలుపు తెరిస్తే గాలి రేకులషెడ్డు మీద వడగళ్ళ వానలా మోత. కింద భూమి ఎవరో ఎర్ర దుప్పటి పరిచి పచ్చ మాసికలు వేసినట్టుంది. దూకించే మనిషి నా భుజం మీద కొట్టాడు. దూకాను. (దూకాననే చెప్పాలి. కొట్టిన దెబ్బ కొంచెం గట్టిదే.) విమానానికి కట్టిన పట్టీ ఛత్రిని దానంతటదే లాగింది. తల పైకెత్తి చూస్తే ఛత్రి తెరుచుకుంది గానీ, తాళ్ళు మెడ వెనక జడలా మెలిపడి ఉన్నాయి. నాకు భయం కాదు, ఒళ్ళు మండింది. ఇన్ని రోజులు చావగొట్టి నేర్పించిన ఆ దరిద్రమే సరిగ్గా వచ్చి కూర్చుంది! చెయ్యి ఎర్ర పిడి వైపు పోబోయింది. కానీ కాళ్ళు అంతకంటే ముందే సైకిల్ తొక్కడం మొదలెట్టాయి. గడియారం చూశాను, ఎత్తు ఇంకా ఉంది. ఒక చుట్టు విప్పుకుంది, ఇంకో చుట్టు విప్పుకుంది. ఛత్రి చాపలా పరుచుకుని నిలబడింది. తల పైన తాళ్ళకున్న చేతిపిడులు పట్టుకుని కుడికి లాగితే కుడికి, ఎడమకి లాగితే ఎడమకి వచ్చింది. చుట్టూ ఒక్క చప్పుడు లేదు. ఇంత నిశ్శబ్దం నేను లారీ ఎక్కినప్పటి నుంచి ఎరగను.

ఆ నిశ్శబ్దం ఎంతోసేపు దక్కలేదు. నా హెల్మెట్‌లో రేడియో ఉంది. ఎటు తిరగాలో సాబ్ కింది నుంచి చెప్పాలి. అందులోంచి వచ్చిన మొదటి మాట ఇది.

"బండి తియ్యి! తియ్యవయ్యా బండి!"

కిందికి చూశాను. నేను దిగాల్సిన చోట సున్నంతో పెద్ద గుండ్రం గీశారు. ఆ గుండ్రం నట్టనడుమ మా లారీ ఉంది. దాని ముందు ఆరేడుగురు మనుషులు లారీ టార్పాలిన్‌ని నాలుగు పక్కలా పట్టి సాగదీసి ఉన్నారు. పైకి చూస్తున్నారు. నోళ్ళు కూడా తెరుచుకునే ఉన్నాయి. సాబ్ రేడియో మీట నొక్కిపట్టి వదలడం మరిచిపోయినట్టున్నాడు. నాకు రావాల్సిన సలహాల బదులు వాళ్ళ పంచాయితీ మొత్తం చెవిలోకి వస్తోంది.

"తియ్య సాబ్. నా అల్లుడు పడ్తుండు పైనుంచి."

"పడ్తలేడయ్యా, దిగుతుండు!"

"దిగేటోడు మెట్ల మీంచి దిగుతడు. గాలిల నుంచి వచ్చేటోణ్ణి మా దిక్కు పడ్తుండనే అంటరు. అరేయ్ బక్కోడా, నీ మూల గట్టిగ పట్టు!"

"అరె భై, వాడు మీ మీద పడ్తే వాని కాళ్ళు ఇరుగుతయ్, మీ మెడలు ఇరుగుతయ్!"

"గందుకే గద పట్టుకున్నం!"

పై నుంచి నేను "మామా, జరుగు!" అని అరిచాను. మామ సంతోషంగా చెయ్యూపాడు. నేను వాళ్ళని తప్పించి ఎడమకి తిప్పితే టార్పాలిన్ ఎడమకి ఉరికింది. కుడికి తిప్పితే కుడికి ఉరికింది. ఇంతకాలం ఆ లారీని నేను "రానీ, రానీ" అని నడిపించాను. ఇప్పుడు ఆ మనుషులంతా కలిసి నన్ను "రానీ, రానీ, రానీ, బస్!" అని కేకేస్తున్నారు. క్లీనర్ పని ఒంట్లో ఇంకిపోయినవాణ్ణి. ఆ కేక వింటే చేతులు వాటంతటవే అటు మళ్ళబోయాయి. ఆ క్షణంలోనే, రేడియోలో రాకపోయినా, సాబ్ మాట తలలో మోగింది. జాగ పైనుండంగనే ఎంచుకో.

ఇంకా పైనే ఉన్నాను. చుట్టూ చూశాను. గుండ్రానికి అవతల పల్లికాయ పీకేసిన చెలక ఒకటి ఖాళీగా ఉంది. దాని ఆ చివర కరెంటు తీగలున్నాయి, ఈ చివర ఏమీ లేవు. ఈ చివరే నాది అనుకున్నాను. గాలికి ఎదురుగా మళ్ళించుకుని, ఇక అటూ ఇటూ తిప్పకుండా వచ్చేశాను. వెనక టార్పాలిన్ దండు "అరె, అటు పోతుండు! అటు పోతుండు!" అని గట్టు దాటింది. కాళ్ళు రెండూ దగ్గర, మోకాళ్ళు కొంచెం వంచి, చేతిపిడులు రెండూ కిందికి గుంజి నేలని తాకాను, పక్కకి దొర్లాను. లేచి మొదట ఎడమ పాదం ఆడించాను. ఆడింది! లేని క్లచ్‌ని అక్కడే తొక్కి చూసుకున్నాను.

అప్పుడే గాలి ఒక్కసారి విసిరింది. నా ఛత్రి నన్ను లాగబోయింది. నేర్పినట్టే ఒక పక్క తాడు వదిలి, రెండో పక్కది గుంజుతూ చుట్టూ తిరిగి పరుగెత్తాను. అది చల్లబడి కూలిపోయింది. కానీ గాలికి నా ఛత్రీ, మామ టార్పాలినూ అన్న తేడా ఏముంటుంది? టార్పాలిన్ కూడా నిండు గర్భిణిలా ఉబ్బింది. బక్కోడు ముందు వదిలేశాడు, తర్వాత ఒక్కొక్కరు వదిలేశారు. మామ వదల్లేదు. ఎలా వదులుతాడు? క్లీనర్‌గా నాకు ఆయన నేర్పిన మొదటి పాఠమే అది. వానొచ్చినా గాలొచ్చినా, సరుకు పోయినా ప్రాణం పోయినా, టార్పాలిన్ కొస మాత్రం వదలొద్దు. సాబ్ వెనక నుంచి "ఇడ్సిపెట్టు! ఇడ్సిపెట్టవయ్యా!" అని మొత్తుకుంటూ ఉరుకుతున్నాడు. (అది కూడా నా చెవిలోకే.) టార్పాలిన్ మామని పల్లి చెలక పొడుగునా ఈడ్చుకెళ్ళి, గట్టుకేసి కూర్చోబెట్టి, చివరికి తనే చిరిగి చల్లబడింది.

నేను ఉరికి వెళ్ళేసరికి మామ ఎడమ పాదం పట్టుకుని మొహం చిట్లించి ఉన్నాడు. చేతిలో ఇంకా ఒక కొస ఉంది.

"నీ కాలెట్లుందిరా?" అన్నాడు.

"నాది మంచిగనే ఉంది మామా. నీదే..."

"నాదెటు పోతది తియ్. నీది సూపియ్యి."

చూపించాను. తిప్పి తిప్పి చూశాడు. అప్పుడు గానీ టార్పాలిన్ కొస వదల్లేదు.

మామ క్లచ్ తొక్కలేడు కాబట్టి లారీ నేనే తోలుకుంటూ నాగర్‌కర్నూల్ దవాఖానకి బయల్దేరాను. మామ క్లీనర్ సీట్లో, సాబ్ మధ్యలో. దారిపొడుగునా మామ "గేర్ మార్చు, గుంత చూడు" అంటూనే ఉన్నాడు. సాబ్ ఉన్నట్టుండి మామ వైపు తిరిగి అడిగాడు.

"గాలి గుంజుకపోతుంటే ఏం జెయ్యాలె?"

మామ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇడ్సిపెట్టాలె సాబ్."

"పాస్" అన్నాడు సాబ్. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గూడ పాసే. గని జాగ చూస్కునుడు జర లేటు జేసినవ్" అన్నాడు. మీసం కింద ఏదో కదిలింది. నవ్వేనని ఇప్పటికీ నేను బల్లగుద్ది చెబుతాను, రుజువు చెయ్యలేను.

ఎముక విరగలేదు, బెణికింది. కట్టు కట్టించుకుని బయటికొచ్చి, మామ తాళంచెవి నా చేతిలో పెట్టాడు, సీజన్ దాకా కూడా ఆగకుండా. ఇప్పుడు లారీ నాదే. క్యాంపు వచ్చినప్పుడు ఖాళీ దొరికితే వెళ్ళి కొత్త పిల్లలకి నేల మీద పాఠం చెబుతుంటాను. ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే "తాళ్ళు మెలిపడ్డయ్!" అంటాను. వాళ్ళు నన్ను చూసి పక్కకి తప్పుకుంటున్నారు. ఒకప్పుడు సాబ్‌ని చూసి నేనూ అలాగే తప్పుకునేవాణ్ణి. స్టూలు పట్టుకోమనే మనిషిని నేనెలా అయ్యానో వాళ్ళకి ఎలా చెప్పను? ఇక మామ. మోకాళ్ళు అసలు సహకరించవు, అయినా నాతో వస్తానంటాడు. సున్నపు గుండ్రానికి దూరంగా, గట్టు మీద, మాసికలేసిన ఆ టార్పాలిన్‌నే మడిచి పీటలా వేసుకుని కూర్చుంటాడు. పైన ఛత్రి తెరుచుకోగానే నేను పరీక్షకోసం అడుగుతాను, "గాలి గుంజుతే మామా?" అని.

"ఇడ్సిపెడ్త" అంటాడు, కళ్ళు ఆకాశం మీదే పెట్టి.

చెయ్యి మాత్రం టార్పాలిన్ కొస మీదే ఉంటుంది.