నల్లగుడ్డ మీద పోగు

ఏమప్పా, అనంతపురం కండ్లాసుపత్రికి పోయి వస్తాండారు, డాక్టరు చెయ్యి మంచిదని ఊరంతా చెప్పుకుంటాండారు. ఆడ ల్యాబులో గాజుసామాన్లు కడిగిన నల్లమ్మ ఎవరని ఒక్కరన్నా అడిగినారా? అడగరు. మీ కండ్లు బాగయితే మీకు చాలు. కూర్చోండి, చెప్తా.

నల్లమ్మది ధర్మవరం. ముప్పై ఏళ్లు పట్టుమగ్గాల ఇళ్లలో, నేత అయిపోవచ్చిన పాత పోగుకు కొత్త పోగు మెలిపెట్టి అతికింది. వేళ్లకు బూడిద రాసుకుని రోజుకు వేల పోగులు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాక ల్యాబులో కడిగే పనికి చేరింది.

ఒక ఎండాకాలం కంబదూరు నుంచి ఓబులమ్మ వచ్చింది. విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తుంటే పొట్టు ఎగిరి కుడికంట్లో పడింది. ఏదో ఆకు పసరు పిండుకుని వారం కూర్చుంది. కంట్లో బూజు పట్టింది. ఎడమకన్ను చిన్నప్పుడే ఎద్దు కొమ్ము తగిలి పోయింది. ఈ ఒక్కటీ పోతే ఇక చీకటే.

ల్యాబు డాక్టరు అరుణజ్యోతి ఆ కంటి నుంచి గీకిన బూజును పెంచి, చిన్న చిన్న గుంతలున్న పలకలో వేసింది. ఒక వరసలో ఒక మందు, రెండో వరసలో ఇంకో మందు. ఏ వరసలో బూజు మొలవదో ఆ మందే కంటికి. పలకను వెచ్చటి డబ్బాలో పెట్టింది. తేలడానికి రెండు రోజులు.

ఆ రెండు రోజులూ ఓబులమ్మ ల్యాబు గడప వదల్లేదు.

"అక్కా, నా కన్ను ఆ డబ్బాలోనే ఉండాదంట కదా? జాగ్రత్తక్కా."

"నీ కన్ను నీ మొగానే ఉండాది. డబ్బాలో ఉండేది దాని బూజు. పసరు పోసుకునేటప్పుడు యాడికి పోయింది నీ జాగ్రత్త?" అని నల్లమ్మ కసిరింది. కసిరి, తన టీలో సగం పోసిచ్చింది.

మూడో రోజు అరుణజ్యోతి పలకను తెల్లకాగితం మీద పెట్టి చూసి, మొదటి మందే పనిచేస్తుందని రాసుకుంది. పలకను ఉడకబెట్టి పారేయమని నల్లమ్మకిచ్చింది. చేతులకు తొడుగులేసుకుని మూతతో సహా పట్టుకున్న నల్లమ్మ, పోగులు వెతికే పాత అలవాటు కొద్దీ దాన్ని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా తిప్పింది. ఆ రోజు కట్టుకున్నది నల్లచీర. ఆ నలుపు మీద, మొదటి వరసలో, ఏదో సన్నగా మెరిసింది.

"మేడమ్, ఇది సాఫుగా లేదు. పోగులుండాయి."

"నేను చూసినాను కదా నల్లమ్మా. నువ్వు పోయి ఉడకబెట్టు."

"ఉడకబెట్టినాక ఇంకేం చూస్తావు? తెల్లపట్టును తెల్లగుడ్డ మీద వెతికితే మా ఇండ్లలో చీవాట్లు పెడతారు. కింద నలుపు పెట్టి చూడు తల్లీ. ఏమీ లేకుంటే నన్ను తిట్టు."

అరుణజ్యోతికి కోపం వచ్చింది. అయినా చూసింది. మైక్రోస్కోపు కింద పెట్టి ఇంకోసారి చూసింది. మొదటి మందులో బూజు దారాలు దారాలుగా అల్లుకుంటోంది. రెండో వరస మాత్రం నలుపు మీద కూడా తేటగా ఉంది. ముందు రాసింది కొట్టేసి, కంటి డాక్టరుకు ఫోన్ చేసింది. ఆ పూటే ఓబులమ్మ కంట్లో రెండో మందు పడింది. పరీక్ష మళ్లీ పెడితే అదే తేలింది.

రెండు నెలలకు ఓబులమ్మ గడపలో నిలబడి నల్లమ్మను తేరిపార చూసింది.

"అక్కా, నీకు ముందు పన్ను లేదే!"

"కన్నొచ్చిందో లేదో నా పండ్లు ఎంచను వచ్చినావా?" అంటూనే నల్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత ల్యాబు బల్ల మీద ఒక నల్లగుడ్డ వెలిసింది. ఏ పలకైనా నల్లమ్మ చూశాకే అరుణజ్యోతి రాసేది. ఆ గుడ్డ ఇప్పటికీ ఉంది. ఓబులమ్మ ఈ ఏడు కూడా కళ్లద్దాలు పెట్టుకుని విత్తనం కాయలు ఒలిచింది.

నల్లమ్మ అరవై మూడేళ్లకు చనిపోయింది.