అడ్డదారి వియ్యంకుడు

ఆ కొండదారిలో బూ పార్తి గొంతు వినని మనిషి లేడు. అక్కడ ఆడవాళ్లని మర్యాదగా బూ అనీ, మగవాళ్లని పాక్ అనీ పిలుస్తారు. జావా ఆడవాళ్లు మెల్లగా మాట్లాడతారంటారు. అన్నవాడెవడో ఆవిడ వెనక కొండెక్కి ఉండడు. ఇరవై రెండేళ్లుగా పట్నం పిల్లలకి సూర్యోదయం చూపించి దింపడమే ఆవిడ పని. ఎక్కేవాళ్లు ఎదురైతే దిగేవాళ్లు పక్కకి తప్పుకోవాలి. పువ్వు తుంచితే చేతిమీద ఒక్కటి పడుతుంది. మలుపులు తప్పించి అడ్డంగా దిగారో, ఇక దేవుడే కాపాడాలి. అలా తొక్కిన చోటల్లా మన్ను వదులై, వానొస్తే ఊళ్లో క్యాబేజీ మళ్లమీదికి జారిపోతుంది మరి.

ఆ ఆదివారం ఆవిడ కాళ్లు నేలమీద లేవు. పన్నెండింటికి కూతురు లస్మిని అడగడానికి మగపెళ్లివారు వస్తున్నారు. ఆ కుర్రాణ్ణి తప్ప ఇంకెవర్నీ చేసుకోనని లస్మి ఎప్పుడో చెప్పేసింది. పెళ్లికొడుకు తండ్రి తన నోటితో అడిగితేనే సంబంధం ఖాయమైనట్టు. మిగతావాళ్లంతా వ్యానులో వస్తారు. ఆయనకి మాత్రం వ్యానెక్కితే వాంతులట, కొండ అవతలినుంచి నడిచొస్తానన్నాడు. పార్తి ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

తొమ్మిదింటికి ఇద్దరు కాలేజీ అమ్మాయిల్ని దింపుతోంటే, పైనుంచి గుండ్రాయొకటి దొర్లుకుంటూ వచ్చి వాళ్ల ముందునుంచే పోయింది. దాని వెనకే నల్లటోపీ పెట్టుకున్న పెద్దాయన, పసుపుపచ్చ గుడ్డమూట గుండెకి హత్తుకుని, అడ్డంగా జారుతూ వస్తున్నాడు. పార్తికి కోపం నెత్తికెక్కింది. వియ్యంకుడన్న మాటే తోచలేదు.

"ఓ పాక్! కింద మనుషులున్నారు, కనబడ్డంలేదా?"

"క్షమించండి బూ, కొంచెం తొందర..."

"పోనీలెండి బూ, పెద్దాయన," అందొక అమ్మాయి.

"కాలు విరిగితే పెద్దాయన్ని మోసేది నువ్వా, నేనా? ఎక్కడ దారి వదిలారు పాక్?"

"పైనే బూ. శిఖరం దగ్గరే."

"అయితే పైకే ఎక్కండి. ఇరవై ఎనిమిది మలుపులూ తిరిగి, మనిషిలా రండి!"

"ఇంగ్గీ, బూ."

ఇంగ్గీ అంటే చిత్తం అని. ఆ ఊళ్లలో మాత్రం 'విన్నాను' అనే అర్థం. నిజంగా చేసినవాణ్ణి పార్తి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వెనక్కి కూడా తిరగకుండా దిగిపోయింది.

స్నానం చేసి, కొత్త కెబాయా రవిక తొడిగి, ముడి చుట్టి, మొహానికి పౌడరద్దుకుంది. పన్నెండింటికి వ్యాను వచ్చింది. ఒంటిగంట దాటింది. రెండైంది. పెళ్లికొడుకు తల్లి వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతోంది.

"ఏడీ ఈ మనిషి? నల్లటోపీ, పసుపుపచ్చ మూట, ఎవరికైనా కనబడ్డాడేమో! మూటలో జిగురుబియ్యపు జదా ఉంది బూ. పిల్లలిద్దరూ అలాగే అతుక్కుని ఉండాలని నేనే దంచాను."

పార్తి కూతుర్ని వంటింట్లోకి లాక్కెళ్లింది.

"కొంప మునిగిందే! మీ మామగారిని నేను వెనక్కి తోలేశాను."

"ఎక్కడికీ?"

"కొండమీదికి!"

లస్మికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కపూటా నోరు తెరవకు."

రెండున్నరకి ఆయన మోకాళ్లదాకా బురదతో గుమ్మంలో నిలబడ్డాడు. మూట భద్రంగా ఉంది.

"ఆలస్యమైంది, క్షమించాలి. దారిలో ఒక మహాతల్లి తగిలింది. అబ్బ, ఏం గొంతండీ అది!"

అందరూ గొల్లుమన్నారు. పౌడరు మొహాన్ని ఆయన గుర్తుపట్టలేదు. ఊరుకుంటే గండం గడిచేదే. పార్తికి ఊరుకోవడం చేతకాదు.

"ఆ మహాతల్లిని నేనే పాక్."

పెళ్లికొడుకు తల్లి ముందు కిసుక్కుమంది, తర్వాత కడుపు పట్టుకుని కూలబడింది. "ముప్పై ఏళ్లుగా నా మాటకి ఇంగ్గీ అని గోడవైపు తిరిగి పడుకునే మనిషి! ఈవిడ చెబితే కొండెక్కాడా!"

ఆయన టోపీ తీశాడు. "మొదటి పది మలుపులూ మిమ్మల్ని తిట్టుకుంటూనే నడిచాను బూ. తర్వాత అనిపించింది, ముక్కూమొహం తెలీని ముసలాడి కాళ్లకోసం ఇంత అరిచే మనిషి ఇంట్లో పిల్లల్నెంత బాగా చూసుకుంటుందో అని. ఆ ఇంటి పిల్లని మా ఇంటికి పంపుతారా?"

పార్తి నోరు తెరిచింది. మాట రాలేదు. కళ్లనీళ్లకి పౌడరు చారలు కట్టింది. జవాబు కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. ఆ వేళ పెళ్లికూతురు తెర వెనక కూచుని కిక్కురుమనకూడదు.

"సరేనని చెప్పమ్మా!" తెర వెనకనుంచి కొండంతా వినబడేలా కేకేసింది లస్మి.