గాలికి ఆగని పాలీహౌస్

తాడేపల్లిగూడెంలో నర్సరీ నడిపే రామనాథం ప్లాస్టిక్ పైపులు వంచి, పైన ఉల్లిపొర లాంటి కవరు కప్పి, దాన్ని పాలీహౌస్ అని అమ్ముతాడు. గాలికి ఆగుతుందా అని ఎవరడిగినా, ఉంగరాల చేత్తో పైపు మీద తట్టి, "తుఫానుకైనా కదలదండీ" అంటాడు. ఆ మాట నమ్మి ఉంగుటూరు సరోజ అందులో మిరపనారు పోసింది. మొదటి ఈదురుగాలికే కవరు ఎగిరి చేపల చెరువులో పడింది. పైపులు విరిగి నారంతా నేలకంటుకుపోయింది. ఆమె ఆ తడి కవరు నర్సరీకి తెచ్చి రామనాథం బల్ల మీద పడేస్తే, "షెడ్డు మంచిదేనండీ, గాలే ఎక్కువొచ్చింది" అన్నాడు.

సరోజ అతని వెనక్కి చూసింది. అతని సొంత నారు ఇనుప కమ్మీల షెడ్డులో నిటారుగా నిలబడి ఉంది.

"మరి మీ మొక్కలకి ఈ కవరే కప్పలేదేమండీ?" అంది.

రామనాథం చొక్కా మీద పడిన బురద చుక్కను గోటితో గీక్కుంటూ, "మావి ఖరీదైన మొక్కలండీ" అన్నాడు.