నిప్పు కప్పే వేళ

ఊరి బడిలో చదువుకున్నవాణ్ణే అయినా, ఈ పేటలో మొదటి రొట్టెల బట్టీ కట్టించింది నేనే. ఆసుపత్రికి రొట్టె పంపింది నేనే. బేకరీల సంఘానికి అధ్యక్షుణ్ణయిందీ నేనే. అయితే ఆ బట్టీని ప్రాణంతో ఉంచినవాడు మా అక్క మొగుడు. ఆయన్ని పేటంతా ‘బూడిద బావ’ అనేది.

రోజూ సాయంత్రం నిప్పులన్నీ బట్టీ నోటి దగ్గరికి లాగి, లోపల ఊడ్చి, మళ్లీ వెనక్కి నెట్టి బూడిద కప్పేవాడు. ఇనుప మూత పెట్టి, దాని మీద తడి గోనె పరిచేవాడు. తెల్లారి బూడిద తీస్తే నిప్పు కళ్లు తెరిచేది. గోడ అవతల వడ్రంగి కొట్టు, పైన అతని పిల్లలు. బావ ఒక్కనాడూ ఏమరలేదు.

ఆ సాయంత్రం నిప్పులు నోటి దగ్గర ఉండగానే జీపు మైకు మోగింది: కర్ఫ్యూ. లాఠీలు మమ్మల్ని వీధి చివరున్న మా ఇంట్లోకి తోసేశాయి.

బావ కిటికీ వదల్లేదు. “నిప్పు నోట్లోనే ఉండిపోయింది.”

“నేను మాట్లాడతా. స్టేషన్లో నా మాటకు విలువుంది.”

“బావమరిదీ, నీ మాట వినడానికి ఆ నిప్పుకు చెవుల్లేవు.”

గుమ్మంలోంచే కానిస్టేబుల్‌ను పిలిచి, మా ఇంగ్లీషు మాస్టారు చెప్పిన సంగతంతా చెప్పాను. కర్ఫ్యూ అన్న మాట ఫ్రెంచివాళ్లది, ‘నిప్పు కప్పు’ అని దానర్థం. కొంపలంటుకోకుండా పొద్దుగూకగానే గంట కొట్టేవారట. పోనుపోను ఆ గంటకే ఆ పేరు పడింది. చివరికి వీధులు ఖాళీ చేయించే హుకుం అయి కూర్చుంది.

“మరి మమ్మల్నీ కప్పుకోనివ్వండి బాబూ!”

“అయ్యవారూ, పాఠం రేపు చెబుదురు గాని. తలుపేసుకోండి.”

వెనక్కి తిరిగితే అక్క ఒక్కతే ఉంది. పెరటి తలుపు తెరిచి ఉంది.

“ఆపలేకపోయావా?”

“నేనెప్పుడు ఆపగలిగానురా ఆయన్ని!”

మేడెక్కి చూశాం. బట్టీ గొట్టంలో పొగ సన్నబడింది. కాసేపటికి ఆగింది.

“కప్పేశారు,” అంది అక్క.

ఆ వెంటనే ఈల. బూట్ల పరుగు. వ్యాను తలుపు దబ్బున పడిన చప్పుడు.

పొద్దున సడలింపు ఇవ్వగానే పరుగెత్తాం. వడ్రంగి పిల్లలు పై కిటికీలోంచి తొంగి చూస్తున్నారు. బట్టీ మూత మీద గోనె లేదు. బావ చొక్కా తడిపి పరిచి ఉంది. బూడిద తీస్తే నిప్పు ఎర్రగా చూసింది.

నా మాటకు విలువున్న స్టేషన్లో, “అలాంటి మనిషిని ఇక్కడికెవరూ తేలేదే!” అన్నారు.

సాయంత్రం మైకు మోగకముందే అక్క తనే నిప్పు కప్పింది. చొక్కా మళ్లీ తడిపి మూత మీద పరిచింది.

“ఆయనొచ్చేదాకా ఆరనివ్వకూడదురా,” అంది.